రాయల రాజధానిలో బస ఎక్కడ?

హంపి వెళ్లాలనుకోగానే రాతి రథం, విరూపాక్షుడి గుడి, ఏనుగుల కొట్టాలు... ఏమేం చూడాలో అందరూ ముందే జాబితా రాసుకుంటారు. రాత్రికి ఎక్కడ దిగాలన్నది మాత్రం ఫోన్‌లో చవగ్గా కనిపించిన గదికి వదిలేస్తారు. చిక్కంతా అక్కడే. ఈ ఊళ్లో ఏం చూస్తామన్నది చాలావరకూ ఎక్కడ దిగామన్నదాన్ని బట్టే ఉంటుంది.

అది 1443వ సంవత్సరం. హెరాత్ నుంచి సుల్తాను షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరం చేరుకున్నాడు. సింహాసనం మీద ఉన్నది రెండో దేవరాయలు. వచ్చిన అతిథికి ఎత్తైన భవంతిలో విడిది ఏర్పాటు చేశారు. రోజూ రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, అయిదు మణుగుల బియ్యం, మణుగు వెన్న, మణుగు చక్కెర ఇంటికే పంపేవారనీ, పైఖర్చులకు రెండు బంగారు వరహాలు కూడా ముట్టేవనీ ఆయనే రాసిపెట్టుకున్నాడు. 1520 ప్రాంతంలో పోర్చుగీసు బృందంతో వచ్చిన డొమింగో పేస్‌దీ అదే అనుభవం. కృష్ణదేవరాయలు తమ బృందానికి మంచి ఇళ్లు ఇప్పించాడనీ, గొర్రెలూ కోళ్లతో పాటు కుండల కొద్దీ వెన్న, తేనె పంపించాడనీ ఆయన రాతలు చెబుతున్నాయి.

ఇప్పుడు వరహాలిచ్చి గది చూపించే రాజులు లేరు. వరహాలు మనమే ఇచ్చుకోవాలి, గదీ మనమే వెతుక్కోవాలి!

ఆ వెతుకులాటే అంత తేలిక కాదు. ఎందుకంటే హంపి ఒక గుడి కాదు, ఒక కోట కాదు. మొత్తం ఒక రాజధాని. యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఈ ప్రాంతంలో గట్టి రక్షణ ఉన్న భాగమే దాదాపు 42 చదరపు కిలోమీటర్లు. అందులో గుళ్లూ, మండపాలూ, అరటితోటలూ, చెరుకు పొలాలూ, బండరాళ్ల గుట్టలూ, మధ్యలో తుంగభద్ర. ఆ హద్దుల్లో ఇష్టం వచ్చినట్టు హోటళ్లు కట్టడానికి వీల్లేదు. అందువల్ల యాత్రికుల బస ప్రధానంగా నాలుగు చోట్లకు చేరింది... రైలు దిగే హొసపేట, కోటకు ఆనుకుని ఉన్న కమలాపురం, విరూపాక్షాలయం పక్కనున్న హంపి గ్రామం, ఏటికి అవతలున్న ఆనెగొంది.

విచిత్రమేమిటంటే ఈ నాలుగూ నిన్న మొన్న పుట్టుకొచ్చినవి కావు. పాత రాజధానికీ ఇవే భాగాలు. ఒకటి నగరానికి వాకిలి, ఒకటి రాజుల ఆవరణకు అంచు, ఒకటి దేవుడి వీధి, ఇంకోటి అన్నిటికంటే ముందున్న తల్లి ఊరు. ఎక్కడ దిగితే ఆ ముక్కే కళ్లముందు ఉంటుంది. మిగిలిన మూడింటికీ ప్రయాణం చేయాల్సిందే.

రైలు దిగే ఊరు

బళ్లారి జిల్లా నుంచి విడదీసి 2021లో ఏర్పాటు చేసిన విజయనగర జిల్లాకు హొసపేట కేంద్రం. తెలుగువాళ్లకు హంపి దారి ఇక్కడే మొదలవుతుంది. గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా హుబ్బళ్లి వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతుంది. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇక్కడ దిగొచ్చు. అనంతపురం, కర్నూలు వాళ్లు సొంత బండిలోనే వచ్చేస్తారు.

పేరుకు తగ్గట్టు ఇది 'కొత్త పేట'. కృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు మీద కట్టించిన నాగలాపురమే ఇదని చెబుతారు. గోవా వైపు నుంచి వచ్చే వర్తకులకు రాజధాని వాకిలి ఇదే. ఇక్కడి నుంచి అసలు నగరం దాకా దారి పొడవునా ఇళ్లూ అంగళ్లూ ఉండేవనీ, బాటసారుల కోసం రాయలు చెట్లు నాటించాడనీ పేస్ రాశాడు. ఇప్పుడూ ఆ ఊరి పని అదే... వచ్చినవాళ్లను దించుకోవడం, పంపించడం. అన్ని తరగతుల లాడ్జీలూ, లిఫ్టున్న హోటళ్లూ, మందుల దుకాణాలూ, ఆసుపత్రులూ ఉన్నాయి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి కాబట్టి రాయలసీమ వాళ్లకు ఊరు మారినట్టే అనిపించదు.

లోటల్లా ఒక్కటే. హంపికి ఇక్కడి నుంచి దాదాపు 13 కిలోమీటర్లు. బస్సులు తరచూ ఉంటాయి. (మన రాష్ట్రాల్లో ఉచిత బస్సుకు అలవాటుపడిన మహిళలు ఒకటి గుర్తుంచుకోవాలి. కర్ణాటకలో ఆ సౌకర్యం ఆ రాష్ట్ర గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే!) దూరం పెద్దదేం కాదుగానీ హొసపేటలో దిగినవాళ్లు టిఫిన్లు కానిచ్చి, ఆటో మాట్లాడుకుని, మొదటి గుడి ముందు నిలబడేసరికి తొమ్మిదో పదో అవుతుంది. అప్పటికి రాయి కాలడం మొదలవుతుంది. మధ్యాహ్నం మూడింటికల్లా పిల్లలు గది గది అంటారు. సూర్యాస్తమయం దాకా ఉండి చీకట్లో తిరిగి రావడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. అంటే హంపి బాగుండే రెండు వేళలూ... ఉదయం, సాయంత్రం... చేజారిపోయినట్టే. ఒక్క రోజు చూసుకుని రాత్రి రైలెక్కేవాళ్లకూ, తుంగభద్ర డ్యాము చూడాలనుకునేవాళ్లకూ హొసపేట సరిపోతుంది. రెండు రోజులు చేతిలో ఉన్నవాళ్లు ఇక్కడ ఆగాల్సిన పనిలేదు.

పెద్దవాళ్లుంటే కమలాపురం

అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు, పిల్లాడి పాల సీసా, నాన్నగారి మందుల డబ్బా... ఇవన్నీ వెంట ఉన్న కుటుంబాలకు కమలాపురాన్ని మించింది లేదు. హంపి గ్రామానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, రాజుల ఆవరణకు దక్షిణపు అంచున ఉంటుందీ ఊరు. ఊరి పక్కనున్న చెరువు విజయనగరం నాటిదే. ఆ నీళ్ల మీదే ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. కర్ణాటక పర్యాటక సంస్థ వాళ్ల 'మయూర భువనేశ్వరి' ఇక్కడే ఉంది. దానికి తోడు మామూలు లాడ్జీల నుంచి రాజమహళ్లను తలపించేలా కట్టిన ఖరీదైన రిసార్టుల దాకా వచ్చాయి.

ఇక్కడ దిగినవాళ్లకు కలిసొచ్చేది దూరం తగ్గడం ఒక్కటే కాదు. మధ్యాహ్నం గదికొచ్చి రెండు గంటలు నడుం వాల్చి, మళ్లీ నాలుగింటికి బయల్దేరే వీలుండటం. హంపిని ఎండలో ఏకబిగిన చూడాలనుకోవడం శుద్ధ తెలివితక్కువ. మార్చి దాటితే బండరాళ్ల వేడికి నీడలో కూర్చున్నా సెగ తగులుతుంది. పొద్దున్నే మహర్నవమి దిబ్బ, మెట్ల కోనేరు, హజార రామాలయం చూసుకుని పదకొండింటికల్లా గదికి వచ్చేయొచ్చు. గోడల మీద వరుసగా చెక్కిన రామకథను పిల్లలకు చూపిస్తూ చెప్పాలంటే హజార రామాలయంలో ఉదయపు వెలుగే బాగుంటుంది. రాణుల స్నానవాటికైతే ఊరికి మరీ దగ్గర.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మాత్రం కమలాపురంలోనే ఉన్న పురావస్తు మ్యూజియం. దాని మధ్య ఆవరణలో మొత్తం విజయనగరాన్ని గుట్టలతో, నదితో సహా చిన్న నమూనాగా కట్టి పెట్టారు. చుట్టూ తిరిగి చూస్తే ఏ గుడి ఎక్కడుందో, ఏరు ఎటు మలుపు తిరిగిందో పదేళ్ల పిల్లాడికీ అర్థమవుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. చాలామంది దీన్ని చివరి రోజుకు వాయిదా వేసి, ఆఖరికి చూడకుండానే వెళ్లిపోతుంటారు. అలాగే ఊళ్లోనే ఉన్న పట్టాభిరామాలయం. విఠ్ఠలాలయానికి తీసిపోనంత విశాలమైన ఆవరణ ఉన్నా అటువైపు వెళ్లేవాళ్లు తక్కువ. ఏ సాయంత్రమో వెళ్తే ఆ స్తంభాల మధ్య మన అడుగుల చప్పుడే మనకు వినిపిస్తుంది.

కంప్లి వెళ్లే దారిలో మాల్యవంత రఘునాథాలయం ఉంది. వాలి వధ తర్వాత వర్షాకాలం నాలుగు నెలలూ రామలక్ష్మణులు గడిపిన కొండ ఇదేనని నమ్మకం. సుగ్రీవుడు నగరంలోకి రమ్మని పిలిచినా, తండ్రి మాట ప్రకారం ఊళ్లో అడుగుపెట్టనని కొండ గుహలోనే ఉండిపోయాడట రాముడు. అంటే ఈ ప్రాంతంలో బస ఎక్కడన్న ప్రశ్న త్రేతాయుగం నాటిదన్నమాట! గుడి వెనక బండ మీది నుంచి సూర్యాస్తమయం చూడటానికి మెట్లెక్కలేని పెద్దవాళ్లకు ఇదే అనువైన చోటు. వాహనం గుడి దాకా వెళ్తుంది. కాస్త సమయం ఉంటే మధ్యాహ్నం దాటాక దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యానికీ ఇక్కడి నుంచే వెళ్లి రావచ్చు.

గుడి నీడలో...

హంపి గ్రామంలో దిగడం వేరే అనుభవం. విరూపాక్షాలయానికి ఉత్తరంగా, ఏటి గట్టుకు మధ్యలో జనతా ప్లాట్ అనే చిన్న వాడ ఉంది. ఇరుకు సందులు, కింద ఇంటివాళ్లు, పైన రెండు మూడు గదులు, ఆపైన డాబా. సందుల్లోకి కారు రాదు. సామాన్లు మోసుకోవాలి. లిఫ్టుల్లాంటివి ఆశించకూడదు. గుడి ఊరు కాబట్టి మాంసం, మద్యం ఉండవు. కుటుంబాలకు ఇదొక సుఖం కూడా.

ఇన్ని ఇబ్బందులు పడి ఇక్కడ ఎందుకు దిగాలంటే... తెల్లవారుజామున నాలుగడుగుల్లో గుడి ముందు ఉండొచ్చు, అందుకు. విరూపాక్షుడికి విజయనగరం పుట్టకముందు నుంచీ పూజ జరుగుతోంది. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత నగరమంతా కొల్లగొట్టినా ఈ గుడిలో మాత్రం దీపం ఆగలేదంటారు. కృష్ణదేవరాయలు పట్టాభిషేక సందర్భంగా కట్టించిన రంగమండపంలో ఇప్పటికీ పెళ్లిళ్ల బృందాలు కూర్చుని ఉంటాయి. హంపిలో బతికున్న చోటు ఏదైనా ఉందంటే ఇదే. హొసపేట బస్సు వచ్చేలోపు అక్కడ ఉండేది పూజారులూ, పూలమ్మేవాళ్లూ, ఏటికి స్నానానికెళ్లే ఊరివాళ్లూ మాత్రమే.

గుడి నుంచి ఏటి గట్టు వెంబడి విఠ్ఠలాలయానికి నడకదారి ఉంది. రెండు కిలోమీటర్లు. వాహనంలో వచ్చేవాళ్లంతా కమలాపురం మీదుగా చుట్టూ తిరిగి వెళ్లి, బండి దూరంగా ఆపి, బ్యాటరీ వాహనం కోసం వరుసలో నిలబడతారు. హంపిలో బస చేసినవాళ్లు పొద్దున్నే చల్లగా ఈ దారిన నడిచి వెళ్లొచ్చు. చక్రతీర్థం దగ్గర ఏరు మలుపు తిరిగే చోట కోదండరాముడి గుడి, ఆపైన అచ్యుతరాయల కాలం నాటి గుడి, దాని ముందు బోసిగా మిగిలిన అంగడి వీధి, రాజులు బంగారంతో తూగారని చెప్పే రాతి తులాభారం... చూసుకుంటూ వెళ్తే గేటు తెరిచేసరికి, యాభై రూపాయల నోటు మీది రాతి రథం ముందు జనం లేకుండా నిలబడొచ్చు. విఠ్ఠలాలయం టికెట్టే లోటస్ మహల్, ఏనుగుల కొట్టాలున్న ఆవరణకూ చెల్లుతుంది. అయితే అదే రోజు వాడుకోవాలి, పారేసుకోవద్దు.

మతంగ పర్వతం మీది నుంచి సూర్యోదయం చూడాలన్నా హంపి గ్రామంలో ఉండాల్సిందే. చీకట్లో ఎక్కాలి కాబట్టి ఒంటరిగా కాకుండా నలుగురితో కలిసి వెళ్లడం మంచిది. అంత ఓపిక లేనివాళ్లకు గుడి పక్కనే హేమకూటం ఉంది. చిన్న గుట్టే. అక్కడి నుంచి చూస్తే గుడి గోపురం, దాని ముందు ముప్పావు కిలోమీటరు పొడవున సాగే రథవీధి కనిపిస్తాయి.

ఆ వీధిని చూసినప్పుడు ఒక్క క్షణం ఆగాలి. పాతికేళ్ల కిందట హంపి చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది... అప్పుడు ఆ వీధి రెండు వైపులా రాతి మండపాల్లో టీ దుకాణాలు, పుస్తకాల అంగళ్లు, పూజా సామాన్లు, వెనక కాపురాలు ఉండేవి. దశాబ్దాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. ఆ మండపాలు రక్షిత కట్టడాలనీ, వాటిలో ఉండటం చెల్లదనీ చెప్పి 2011 జులైలో అధికారులు ఇళ్లనూ దుకాణాలనూ కూల్చేశారు. వందలాది మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. నాలుగు కిలోమీటర్ల అవతల కడ్డిరాంపుర దగ్గర స్థలాలు చూపించారు. మండపాల్ని ఎవరో ఒకరు కాపాడాలి, కాదనలేం. కానీ రాయలనాడు రత్నాలు అమ్మిన వీధి అని మనం చెప్పుకునే చోట, కనీసం కొబ్బరికాయలమ్మే సందడి కూడా లేకుండా ఖాళీ స్తంభాలు మిగలడం వారసత్వమా అంటే... హంపి గ్రామస్థుల జవాబూ, అధికారుల జవాబూ ఒకటి కావు. జనతా ప్లాట్‌లో గది తీసుకున్నవాళ్లకు ఆ కథ ఇంటివాళ్ల నోటనే వినే వీలుంటుంది. ఆ వాడకూ అదే భయం. వారసత్వ నిర్వహణ సంస్థ నిబంధనలు అక్కడి ఇళ్లకూ వర్తిస్తాయి. అందుకే గది మాట్లాడుకునే ముందు అనుమతి ఉన్న ఇల్లేనా అని అడగడం తప్పు కాదు.

ఏటికి అవతల

హంపి రేవులో నిలబడితే అవతలి ఒడ్డున పచ్చటి వరి పొలాలు కనిపిస్తాయి. అదే విరూపాపుర గడ్డి. ఒకప్పుడు విదేశీ కుర్రకారుకు ఇష్టమైన మకాం. గుడిసెలు, ఉయ్యాల మంచాలు, రాత్రంతా సంగీతం. ఊరు ఊరంతా అతిథి గృహాలతో నిండిపోయింది. అది కూడా రక్షిత ప్రాంతమేననీ, 1988లోనే ప్రకటన వెలువడిందనీ, అనుమతి లేని కట్టడాలు ఉండటానికి వీల్లేదనీ 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మరుసటి నెలలోనే వాటిని కూల్చేశారు. పాత గైడు పుస్తకాలు పట్టుకుని 'ఆ ద్వీపం ఎక్కడ' అని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. అక్కడ ఇప్పుడు బస లేదు.

ఆ వ్యాపారం అక్కడితో ఆగిపోలేదు. కాస్త దూరం జరిగి సాణాపూర్ చుట్టుపక్కలకు చేరింది. చెరువు, గుట్టలు, పొలాల మధ్య హోమ్‌స్టేలు... ఫొటోల్లో ముచ్చటగా ఉంటుంది. కుటుంబాలతో వెళ్లేవాళ్లు మాత్రం రెండు విషయాలు తెలుసుకోవాలి. ఏరు పైకి ప్రశాంతంగా కనిపించినా బండల మధ్య సుడులుంటాయి. ఎత్తు నుంచి సరదాగా దూకి తిరిగి రానివాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. రెండోది, రాత్రివేళ ఆ కాలువ గట్లు నిర్మానుష్యంగా ఉంటాయి. 2025 మార్చిలో అక్కడ చుక్కలు చూడ్డానికి కూర్చున్న పర్యాటకుల మీద జరిగిన ఘోరమైన దాడిలో ఒకరు చనిపోయారు. అలాగని ఆ ఒడ్డు మొత్తాన్ని కొట్టిపారేయక్కర్లేదు. ఊరికి దూరంగా ఉన్న చోటు కాకుండా ఊరి మధ్యలో ఉన్న ఇల్లు చూసుకుంటే చాలు.

అలాంటి ఊరే ఆనెగొంది. విజయనగరం కంటే ముందే కోట ఉన్న ఊరు. హరిహర బుక్కరాయలు 1336లో ఏటికి ఇవతల కొత్త నగరానికి పునాది వేశారని చెబుతారు. వాళ్ల కథ మొదలైంది ఆనెగొందిలోనే. ఇది శిథిలం కాదు. కోటగుమ్మంలోంచి ట్రాక్టర్లు వెళ్తుంటాయి. గగన మహల్ ఎదురుగా పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. రాయల వంశస్థులకు ఇప్పటికీ ఇక్కడ ఇల్లుంది. హంపిలో రాజధాని ఎలా పోయిందో తెలుస్తుంది. ఆనెగొందిలో ఊరు ఎలా మిగిలిందో తెలుస్తుంది. పాత మట్టి గోడల ఇళ్లను పడగొట్టకుండా బాగుచేయించి అతిథులకు ఇవ్వడం, అరటి నారతో సంచులూ చాపలూ అల్లడం ఊరి ఆడవాళ్లకు నేర్పడం... ఇలాంటి పనులు 'కిష్కింద ట్రస్టు' ఏళ్ల తరబడి చేస్తోంది. ఇక్కడ చెల్లించే అద్దెలో కొంతైనా ఊళ్లో మిగులుతుందన్న తృప్తి ఉంటుంది. మన ఇళ్లలా వసారా, లోపల చల్లటి గది, పొద్దున్నే జొన్నరొట్టెలు కాల్చే చప్పుడు. కమలాపురం రిసార్టులో ఎంత ఖర్చు పెట్టినా ఇది దొరకదు.

తెలుగువాళ్లకు ఇంకో ఆశ్చర్యం కూడా ఉంది. ఆనెగొంది నుంచి గంగావతి వైపు వెళ్తే దారిలో ఏదో ఒక 'క్యాంపు' అన్న బోర్డు కనిపిస్తుంది. తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చిన రైతులు వేసుకున్న ఊళ్లవి. గంగావతి, కారటగి, సింధనూరు చుట్టూ అలాంటివి ఎన్నో. గోంగూర పచ్చడితో భోజనం కావాలంటే వెతుక్కోవాల్సిన పనే లేదు.

ఆంజనేయుడి భక్తులకు అంజనాద్రి ఇక్కడే. సుమారు 575 మెట్లు. హనుమంతుడు పుట్టింది ఇక్కడేనని వీళ్లంటారు. కాదు, తిరుమల కొండల్లోని అంజనాద్రిలోనే అని 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. ఆ వాదన ఎటు తేలినా, పొద్దున ఆరింటికి పైకెక్కి చూస్తే ఏరు, పొలాలు, అవతల గోపురాలు ఒకేసారి కనిపించే చోటు ఇదొక్కటే. ఆనెగొందిలో బస చేసినవాళ్లు ఎండెక్కేలోపు కిందికి దిగిపోవచ్చు. హంపి నుంచి వచ్చేవాళ్లు మిట్టమధ్యాహ్నం ఎక్కి ఆయాసపడుతుంటారు. ఏటి మధ్య ద్వీపంలో ఉన్న నవ బృందావనానికి పడవలు కూడా ఈ ఒడ్డు నుంచే. రాయలవారి గురువు వ్యాసరాయల బృందావనం ఉండటంతో మంత్రాలయం వెళ్లే తెలుగు మాధ్వులు చాలామంది ఇటూ వచ్చి వెళ్తుంటారు.

ఫోన్‌లో రెండు కిలోమీటర్లు... దారిలో ఇరవై

గది వెతికేటప్పుడు ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఫోన్‌లో 'విరూపాక్షాలయానికి రెండు కిలోమీటర్లు' అని ఉంటుంది. అబద్ధం కాదు. అది కాకి ఎగిరే దూరం. మధ్యలో తుంగభద్ర ఉన్న సంగతి ఆ లెక్కకు తెలియదు! హంపి రేవులోనూ, విఠ్ఠలాలయం వైపు తళారిఘాట్ దగ్గరా పడవలున్నాయి. పుట్టిలో ఏరు దాటడం పిల్లలకు పండగే. కానీ చీకటి పడితే పడవ ఉండదు. వానాకాలంలో డ్యాము గేట్లు ఎత్తారంటే పగలు కూడా ఉండదు. అప్పుడు కమలాపురం, బుక్కసాగరం మీదుగా వంతెన దాటి చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే... ఇరవై కిలోమీటర్ల దాకా.

ఈ ఏటి మీద వంతెన కథ కూడా చిన్నది కాదు. తళారిఘాట్ దగ్గర వంతెన కట్టడం మొదలుపెట్టినప్పుడు పురాతన నగరపు రూపం చెడుతుందంటూ యునెస్కో 1999లో హంపిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది. 2006లో ఆ జాబితా నుంచి తీసేశారు. పనులు సాగుతున్న ఆ వంతెన 2009 జనవరిలో కూలిపోయింది. కూలీలు ప్రాణాలు కోల్పోయారు. విరిగిన స్తంభాలు ఏట్లో మిగిలాయి. అవతలి ఊళ్లవాళ్లకు ఆసుపత్రికి వెళ్లాలన్నా, సరుకు అమ్ముకోవాలన్నా అదే ఏరు. ఒక్క రాత్రి చుట్టూ తిరిగినందుకు విసుక్కునే యాత్రికులకు ఆ సంగతి తెలిస్తే కోపం కాస్త తగ్గొచ్చు.

కాబట్టి ఫోన్‌లో దూరం కాకుండా గది ఏ ఒడ్డున ఉందో చూడాలి. 'హంపి' అని పేరున్నంత మాత్రాన హంపిలో ఉన్నట్టు కాదు. హొసపేటలోనివీ, సాణాపూర్‌లోనివీ అన్నీ అదే పేరు తగిలించుకుంటాయి. పర్యాటక శాఖ దగ్గర నమోదైందా, కారు గుమ్మం దాకా వస్తుందా, రాత్రి పదింటికి ఆటో దొరుకుతుందా... ఈ మూడూ ఫోన్ చేసి అడిగితే సగం తిప్పలు తప్పుతాయి.

ఎన్ని రాత్రులు?

ఒక్క రాత్రే అయితే పెద్దవాళ్లతో కమలాపురం, కాలిసత్తువ ఉన్నవాళ్లకు హంపి గ్రామం. రెండు రాత్రులుంటే రెండో రాత్రి ఆనెగొందికి మారడం మేలు. సామాన్లు సర్దుకోవడం విసుగే. కానీ రెండు ఒడ్లనూ ఒకే గదిలోంచి చూడాలనుకుని రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే దానికంటే అదే సుఖం. మొదటి రోజు మ్యూజియం, రాజుల ఆవరణ, సాయంత్రం హేమకూటం. రెండో రోజు ఉదయం ఏటి గట్టున విఠ్ఠలాలయం, మధ్యాహ్నం తర్వాత ఏరు దాటి ఆనెగొంది. మూడో రోజు పొద్దున అంజనాద్రి ఎక్కి, పంపా సరోవరం చూసుకుని గంగావతి మీదుగా ఇంటికి. హైదరాబాద్ వెళ్లేవాళ్లకు ఆ దారి ఎదురు కూడా కాదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. సంక్రాంతి సెలవుల్లోనూ, వరుస సెలవులున్న వారాంతాల్లోనూ గదుల ధరలు ఒక్కసారిగా పెరుగుతాయి. డిసెంబరులో హనుమ మాలధారులు అంజనాద్రికి వేలాదిగా తరలివచ్చే రోజుల్లో ఆనెగొంది వైపు గది దొరకడం కష్టం. ప్రభుత్వం చేసే హంపి ఉత్సవం తేదీలు ఏటా మారుతుంటాయి. 2024లో ఫిబ్రవరి మొదట్లో చేస్తే, 2025లో ఫిబ్రవరి నెలాఖరున మొదలుపెట్టారు. ఉత్సవం చూడాలనుకుంటే తేదీ ప్రకటించిన రోజే గది మాట్లాడుకోవాలి. వద్దనుకుంటే ఆ మూడు రోజులూ తప్పించుకోవాలి. ఆ మూడు రోజుల్లో హొసపేటలో కూడా ఖాళీలుండవు.